హంతకుని హేతువు

2017 అక్టోబరు 1వ తేదీ రాత్రి అమెరికాలో లాస్ వేగాస్ నగరంలో, ఒక పెద్ద హోటలు ముప్ఫయి రెండో అంతస్తులో బస చేసిన అరవై నాలుగేళ్ళ మనిషి గది కిటికీలు పగలగొట్టి, ఎదుటి మైదానంలో పాటకచేరీ వింటున్న వేలాది జనం మీద తుపాకులు పేల్చాడు. సుమారు పది నిమిషాల్లో వెయ్యికి పైగా తూటాలు వదిలాడు. ఆ గాయాలతో చనిపోయినవారు చివరికి 60 మంది అని లెక్క తేలింది. పోలీసులు తలుపు బద్దలుకొట్టి లోపలికి వెళ్ళేసరికి అతను తన్ను తాను కాల్చుకొని చచ్చి ఉన్నాడు.

ఆ తర్వాత అధికారులు అతని జీవితాన్ని జల్లెడ పట్టారు. అతను ఒకప్పుడు జమాఖర్చుల ఉద్యోగం చేసినవాడు. ఇళ్ళు కొని అమ్మి డబ్బు గడించినవాడు. పెద్ద మొత్తాలు ఒడ్డి జూదమాడేవాడు. ఒక పార్టీ కోసమో మతం కోసమో ఈ పని చేశాడనడానికి ఆధారం దొరకలేదు. ఉత్తరం రాసి పెట్టలేదు. గదిలో దొరికిన ఒక కాగితం మీద ఉన్నవల్లా దూరం ఎంత, అంత దూరం పోయేసరికి తూటా ఎంత కిందికి దిగుతుంది అన్న లెక్కలు. 2018 ఆగస్టులో నగర పోలీసులు హేతువు తెలియలేదని చెప్పి దర్యాప్తు ముగించారు. 2019 జనవరిలో ఎఫ్.బి.ఐ. నిపుణులు కూడా, ఇదీ హేతువు అని వేలు పెట్టి చూపదగిన ఒక్క విషయం కనిపించలేదని తేల్చారు. అంటే ‘ఎలా’ అన్న ప్రశ్నకు తూటాల లెక్కతో సహా జవాబు దొరికింది. ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు దొరకలేదు.

ఈ రెండో ప్రశ్న గురించే నేను చర్చించదలిచాను. ముక్కూ మొహం తెలియని మనుషులను గుంపుగా కాల్చి చంపేవాని హేతువును మనం అర్థం చేసుకోగలమా? చేసుకోలేకపోతే అది మన తెలివి లోపమా, లేక ప్రశ్నలోనే ఏదైనా మెలిక ఉందా? అర్థం చేసుకోవడం తగిన పనేనా? ఈ వ్యాసంలో హంతకుల పేర్లు రాయడం లేదు. దానికి కారణం ముందు ముందు పాఠకులకే తెలుస్తుంది.

ముందుగా ప్రశ్నను విడదీసి చూడాలి. మన భాషలో ‘ఎందుకు’ అనే మాట రెండు పనులు చేస్తుంది. ‘వంతెన ఎందుకు కూలింది?’ అన్నా ఎందుకే, ‘వాణ్ణి ఎందుకు కొట్టావు?’ అన్నా ఎందుకే. మొదటిదానికి జవాబు పంచమీ విభక్తిలో వస్తుంది: వరద వలన. రెండోదానికి చతుర్థిలో వస్తుంది: డబ్బు కొరకు, పగ కొరకు. ఒకటి కారణం, రెండోది ప్రయోజనం. మామూలు నేరంలో ఈ రెండూ అతుక్కొని ఉంటాయి. ఆకలి వలన దొంగిలించాడన్నా, అన్నం కొరకు దొంగిలించాడన్నా మనకు తెలిసేది ఇంచుమించు ఒకటే. అందుచేత రెండు ప్రశ్నలున్నాయన్న సంగతి మనం గమనించం. సామూహిక హంతకుని దగ్గరకు వచ్చేసరికి ఆ అతుకు విడిపోతుంది. ‘వలన’ అనే జవాబులు కుప్పలుగా దొరుకుతాయి. ‘కొరకు’ అనే జవాబు చేతికి అందదు. అందినట్టు కనిపించినా చేసిన పనికి సరితూగదు. మన తికమక అంతా అక్కడే ఉంది.

లోకం చెప్పే జవాబులలో మొట్టమొదటిది ‘పిచ్చి’. 1966 ఆగస్టు 1న టెక్సాస్ రాష్ట్రంలో ఆస్టిన్ విశ్వవిద్యాలయ గోపురం ఎక్కి గంటన్నరకు పైగా కిందివారిని కాల్చినవాడు, అంతకు ముందే తల్లినీ భార్యనూ చంపాడు. సైన్యంలో పనిచేసి వచ్చిన విద్యార్థి. ఆ ఏడు మార్చిలోనే విశ్వవిద్యాలయపు మానసిక వైద్యునితో, గోపురం ఎక్కి జనాన్ని కాల్చాలన్న ఆలోచన వస్తున్నదని చెప్పుకున్నాడు. చంపే ముందు రాసిన ఉత్తరంలో, తన సంగతి తనకే అర్థం కావడం లేదనీ, చచ్చిన తర్వాత తన శరీరం కోసి పరీక్షించమనీ కోరాడు. కోసి చూశారు. మెదడులో చిన్న కంతి కనిపించింది. ఇంకేం, హేతువు దొరికింది అన్నారు చాలామంది. కాని గవర్నరు నియమించిన నిపుణుల సంఘం అంత తేలికగా ఒప్పుకోలేదు. ఆ కంతికీ ఈ పనికీ ఉన్న సంబంధాన్ని స్పష్టంగా నిర్ధారించలేమన్నది. తల్లినీ భార్యనూ చంపి, తుపాకులూ తిండీ నీళ్ళూ పెట్టెలో సర్దుకొని గోపురం పైకి చేర్చడం అనే వరుస పనులను ఒక కంతి ఎలా నేర్పిస్తుంది? తుపాకి పట్టకుండానే అలాటి కంతులతో బతికి చచ్చినవాళ్ళు లోకంలో ఎందరు లేరు?

ఇక్కడ నన్ను ఆపేసిన విషయం మరొకటి ఉంది. ‘ఎందుకు’ అన్న ప్రశ్న వేసింది మనం మాత్రమే కాదు, హంతకుడు కూడా వేశాడు. తన హేతువును తానే వెతకలేక, ఆ పని వైద్యుని కత్తికి అప్పగించాడు. హంతకుని మనసులో ఒక రహస్యం ఉన్నదనీ, అది అతనికి తెలుసుననీ, మనకు మాత్రమే తెలియదనీ అనుకోవడం ఎంత తొందరపాటో దీన్ని బట్టి ఊహించవచ్చు.

‘పిచ్చి’ అనే మాట ఎంత జారుడు మాటో నార్వేలో తేలింది. 2011 జూలై 22న ఒకడు ఆస్లో నగరంలో బాంబు పేల్చి 8 మందినీ, ఉటోయా ద్వీపంలో యువజన శిబిరానికి వచ్చిన పిల్లలతో సహా 69 మందినీ చంపాడు. కోర్టు నియమించిన మానసిక వైద్యులిద్దరు అతనికి స్కిజోఫ్రేనియా ఉన్నదన్నారు. దేశంలో గగ్గోలు లేచింది. మరో ఇద్దరు వైద్యులను నియమిస్తే వారు ఆ జబ్బు లేదన్నారు. మనిషి ఒకడే. చేసిన పని ఒకటే. చెప్పిన మాటలూ అవే. శాస్త్రం మటుకు రెండు తీర్పులు చెప్పింది. ఇంకా విచిత్రమేమంటే, నేను పిచ్చివాణ్ణి కానని హంతకుడు పట్టుబట్టాడు. వైద్యశాలకు పంపమని ప్రభుత్వ న్యాయవాదులు అడిగారు. పిచ్చివాడని తేలితే తాను రాసిన పదిహేనువందల పేజీల ప్రకటన చిత్తుకాగితాల కింద పోతుందని అతని భయం. 2012 ఆగస్టులో కోర్టు అతనికి మతి సరిగానే ఉన్నదని తేల్చి, ఇరవై ఒక్కేళ్ళ నిర్బంధం, అవసరమైతే పొడిగించేట్టుగా, విధించింది.

‘పిచ్చి’ అనడంలో మరో అన్యాయం ఉంది. మానసిక రోగులలో అత్యధికులు ఎవరి జోలికీ పోరు. బాధ పడేది వాళ్ళు. ఒక హంతకుని పనికి అర్థం చెప్పుకోలేక, మన పక్కింట్లో మందులు వాడుకుంటూ ఉద్యోగం చేసుకుంటున్నవాని మీద అనుమానం కప్పడం ఏ రకమైన శాస్త్రమూ కాదు.

రెండో జవాబు ‘రాక్షసుడు’. ఇది జవాబు కాదు, తిట్టు. తిట్టదగినవాణ్ణి తిట్టవద్దని నేననను. కాని తిట్టును వివరణ అనుకుంటే మనం మోసపోతాం. రాక్షసుడు రాక్షసుడు గనక చంపాడనడం, నిప్పు నిప్పు గనక కాల్చిందనడం వంటిది. పైగా ఈ మాట వల్ల మనకొక సుఖం ఉంది. వాడు మనజాతి కాదనుకోవచ్చు. వాడు చదివిన బడి, వాడి ఇల్లు, వాడికి తుపాకి అమ్మిన అంగడి, ఇవేవీ పరిశీలించనక్కర లేదు.

ఈ సుఖం ఎంత పాతదో చెప్పడానికి ఒక మాట చరిత్ర చాలు. ఉన్నట్టుండి కత్తి దూసి ఎదురుపడ్డవాణ్ణల్లా నరికే మనిషిని గురించి మలయా భాషలో ‘అమోక్’ అనే మాట ఉంది. తూర్పు దీవులకు వెళ్ళిన యూరపు వర్తకులూ, ఆ తర్వాత అక్కడ పాలించిన బ్రిటిష్ అధికారులూ, వైద్యులూ దాన్ని పట్టుకొని, ఇది మలయా జాతి స్వభావం, ఆ శీతోష్ణస్థితి లక్షణం అని రాశారు. 1994లో అచ్చయిన అమెరికన్ మానసిక వైద్యుల గ్రంథం కూడా దాన్ని ఒక్కొక్క సంస్కృతికి పరిమితమైన రుగ్మతల పట్టికలోనే ఉంచింది. ఆ తర్వాత అయిదేళ్ళకు కొలంబైన్ జరిగింది. ఆస్టిన్ గోపురం అప్పటికే ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి మాట. పరాయివాడు చేస్తే జాతి లక్షణం, మనవాడు చేస్తే ఒక వ్యక్తి మతి తప్పడం: ఈ తూనికలో రెండు రాళ్ళు ఉన్నాయి. ఈనాటికీ హంతకుని పేరూ రంగూ తెలిసేవరకూ ఆగి, ఆ తర్వాత ‘ఉగ్రవాది’ అనాలో ‘ఒంటరి మనిషి’ అనాలో నిర్ణయించుకొనే పత్రికలు లేకపోలేదు.

మూడో జవాబు ‘సమాజం’. ఇది మన జవాబు గనక దీన్ని మరింత జాగ్రత్తగా పరీక్షించాలి. మనిషిని సరుకుగా మార్చి, గెలుపు ఒక్కటే విలువ అని నూరిపోసి, ఓడినవాణ్ణి తన గదిలో ఒంటరిగా వదిలేసి, వాడికి తుపాకి మాత్రం చవకగా అమ్మే వ్యవస్థ ఇలాటి మనుషులను తయారు చేస్తుంది అంటాం. ఇందులో ప్రతి మాటా నిజమే. అయినా ఇది కూడా పూర్తి జవాబు కాదు. ఆ వ్యవస్థలో అదే ఒంటరితనంతో, అదే అవమానంతో బతికేవాళ్ళు కోట్లు. పేల్చేవాళ్ళు వేళ్ళ మీద లెక్కించదగినవాళ్ళు. ఒంటరితనమే కారణమైతే ఒంటరి స్త్రీలు ఎందుకు పేల్చరు? ఈ హంతకులలో ఇంచుమించు అందరూ మగవాళ్ళే. పేదరికమే కారణమైతే లాస్ వేగాస్ మనిషి మాటేమిటి?

అయితే సమాజమనే జవాబు తప్పా? కాదు. అది ఏ ప్రశ్నకు జవాబో మనం తెలుసుకోవాలి. ఫ్రెంచి సామాజిక శాస్త్రజ్ఞుడు దుర్కేమ్ 1897లో ఆత్మహత్యల గురించి రాసిన గ్రంథంలో, ఒక దేశంలో ఏటేటా ఎంతమంది ఆత్మహత్య చేసుకుంటారన్నది సమాజ స్థితిని బట్టి ఉంటుందని చూపాడు. ఆ సంఖ్యలో ఫలానా మనిషి ఎందుకు చేరాడన్నది ఆయన చెప్పదలచుకున్న విషయం కాదు. అలాగే ఒక దేశంలో ఇటువంటి ఘోరాలు ఎందుకు తరచు జరుగుతాయి, మరో దేశంలో ఎందుకు అరుదు అన్నదానికి సమాజం జవాబు చెబుతుంది. ‘వీడే ఎందుకు?’ అన్నదానికి చెప్పదు. ఇందుకు మనం చిన్నబుచ్చుకోనక్కర లేదు. రాజకీయం మార్చగలిగింది ఆ సంఖ్యనే గదా.

నాలుగో జవాబు హంతకుడు స్వయంగా చెప్పేది. ఇదే అన్నిటికన్నా ప్రమాదకరమైనదని నా ఉద్దేశం. వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో 2007 ఏప్రిల్ 16న 32 మందిని చంపినవాడు, మొదట ఇద్దరిని చంపి, తపాలాఫీసుకు వెళ్ళి, తన ఫోటోలూ మాటలూ నింపిన పొట్లం టెలివిజన్ సంస్థకు పంపి, మళ్ళీ వచ్చి మిగతావారిని చంపాడు. ఈ నడిమి పని గమనించండి. హత్యల మధ్య విరామం తీసుకొని ప్రచురణకు పంపాడు. అతనికి చంపడం ఎంత ముఖ్యమో, చదవబడడం అంత ముఖ్యం. ఆ పొట్లంలో అతను తలుచుకున్నది 1999 ఏప్రిల్ 20న కొలంబైన్ బడిలో పన్నెండుమంది విద్యార్థులనూ ఒక ఉపాధ్యాయుణ్ణీ చంపిన ఇద్దరు కుర్రవాళ్ళను. వాళ్ళను అమరవీరులన్నాడు. ఆ కుర్రవాళ్ళు అంతకుముందు ఓక్లహోమా నగరంలో జరిగిన బాంబుదాడిని మించాలని తలపోశారు. వాళ్ళు భోజనశాలలో పెట్టిన బాంబులు పేలలేదు గనక గాని, లేకపోతే చచ్చేవాళ్ళు వందల్లో ఉండేవారు. ఆ ఇద్దరూ తమను ఏడిపించిన ఆటగాళ్ళ మీద పగ తీర్చుకున్నారన్న కథ అప్పట్లో పత్రికలన్నిటా వచ్చింది. భోజనశాలలో బాంబు పెట్టినవాడు ఎవరి మీద పగ తీర్చుకుంటున్నట్టు? కాని కథ ముందు పుట్టింది, వివరాలు వెనుక వచ్చాయి. ఆ తర్వాత తుపాకి పట్టినవాళ్ళలో కొందరు నమ్మింది ఆ కథనే.

2019 మార్చి 15న న్యూజీలండ్‌లో క్రైస్ట్‌చర్చ్ మసీదులలో 51 మందిని చంపినవాడు నార్వే హంతకుణ్ణి గురువుగా చెప్పుకున్నాడు. ఆ చనిపోయినవారిలో మన హైదరాబాదు యువకుడు కూడా ఉన్నాడు. 2022 మే 14న అమెరికాలో బఫలో నగరపు అంగడిలో పదిమంది నల్లవారిని చంపినవాడు క్రైస్ట్‌చర్చ్ వాని ప్రకటనను చాలా భాగం ఎత్తి రాసుకున్నాడు. గురువైన నార్వేవాడే తన పదిహేనువందల పేజీలలో కొన్ని భాగాలను అమెరికాలో ఉత్తరాల బాంబులు పంపిన మరో హంతకుని రాతలనుంచి, అక్కడక్కడ మాటలు మార్చి, దొంగిలించాడు. చూడండి, ఈ మహాద్వేషానికి సొంత మాటలు కూడా లేవు! సాహిత్య విమర్శలో మనం గ్రంథచౌర్యం అనేది ఇక్కడ హేతుచౌర్యంగా మారింది. హేతువు ముందుండి పనికి దారి తీయడం కాదు, పని చేయాలన్న కోరిక ముందుండి తనకు తగిన హేతువును అరువు తెచ్చుకోవడం చాలా చోట్ల కనిపిస్తుంది.

ఇది కొత్త సంగతి కాదు. సౌప్తికపర్వం తెలిసినవారికి గుర్తుండే ఉంటుంది. తండ్రిని మోసంతో చంపారన్న పగ అశ్వత్థామకు ఉన్నది. పగ నిజమైనదే, మోసమూ నిజమైనదే. కాని నిద్రపోతున్నవాళ్ళను చంపాలన్న ఆలోచన పగలోంచి రాలేదు. అడవిలో మర్రిచెట్టు మీద నిద్రపోతున్న కాకులను గుడ్లగూబ ఒకటి వచ్చి చీల్చి చంపడం చూసి వచ్చింది. అదే యుద్ధంలో ఓడి, అదే చెట్టు కింద పడుకున్న కృపాచార్యునికి ఆ ఆలోచన రాలేదు. పైగా వద్దన్నాడు. పెద్దలను అడుగుదామన్నాడు. వ్యాసుడూ, మనకు తెలుగులో చెప్పిన తిక్కనా అశ్వత్థామ పగను దాచలేదు, గుడ్లగూబనూ దాచలేదు. పగ ఎంత కారణమో, కంటబడిన నమూనా అంత కారణం. మన కాలపు గుడ్లగూబలు ఫోటోలతో, ప్రకటనలతో, చంపుతుండగా తీసి ప్రసారం చేసిన దృశ్యాలతో ఇంటింటికీ వస్తున్నాయి. క్రైస్ట్‌చర్చ్ తర్వాత న్యూజీలండ్ ప్రధాని జసిండా ఆర్డర్న్ తాను ఆ హంతకుని పేరు పలకనని పార్లమెంటులో చెప్పింది. అది కోపం వల్ల అన్న మాట మాత్రమే కాదు, ఆలోచించి అన్న మాట. నేను పేర్లు రాయకపోవడానికి కూడా కారణం ఇదే.

హేతువు తెలిస్తే పని అర్థమవుతుందనే నమ్మకాన్ని కూడా ఒకసారి తట్టి చూడాలి. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో డయ్యర్ పది నిమిషాలు కాల్పులు జరిపించాడు. 1650 తూటాలు ఖర్చయ్యాయి. సర్కారు లెక్కలోనే 379 మంది చనిపోయారు. లాస్ వేగాస్ వాడు మౌనంగా పోయాడు, డయ్యర్ మాత్రం హంటర్ కమిటీ ఎదుట నోరు విప్పి చెప్పాడు. గుంపును చెదరగొట్టడం కాదు, పంజాబు మొత్తం మీద నైతిక ప్రభావం కలిగించడం తన ఉద్దేశమన్నాడు. హేతువు ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెబుతారు? అయినా పారిపోయే దారిలేక బావిలో దూకిన మనుషులను తలుచుకున్నప్పుడు, ‘ఎందుకు?’ అన్న ప్రశ్న మన గొంతులో అలాగే మిగిలి ఉంటుంది. ఇతనికి వెనుక సామ్రాజ్యం ఉంది, జీతం ఉంది, లండన్ పత్రిక పోగుచేసి ఇచ్చిన నిధి ఉంది. ఒంటరి హంతకునికి అవేవీ లేవు. ఇద్దరినీ ఒకటిగా కట్టేయడం నా ఉద్దేశం కాదు. హేతువు బయటపడినంత మాత్రాన మనకు ఊరట దొరకదని మాత్రమే చెబుతున్నాను. ఆ పనికి సరితూగే హేతువు ఉండడానికి వీల్లేదు. ఉన్నదని తేలితేనే మనం భయపడాలి.

గొప్ప రచయితలు ఈ సంగతి ఎరుగుదురు. దోస్తయెవ్‌స్కీ 1866లో సృష్టించిన రస్కోల్నికోవ్ వడ్డీ వ్యాపారి ముసలిదాన్ని ఎందుకు చంపాడు? డబ్బు కోసమన్నాడు. తల్లీ చెల్లెలి కోసమన్నాడు. నెపోలియను వంటివాడికి అడ్డు ఉండరాదన్న సిద్ధాంతం కోసమన్నాడు. తానెవరో తేల్చుకోవడానికన్నాడు. ఇన్ని హేతువులు చెప్పిన మనిషికి ఏ ఒక్క హేతువూ చాలలేదన్నమాట. రచయిత వాటిలో ఒకదాన్ని ఏరి మన చేతిలో పెట్టలేదు. అన్నిటినీ నడవనిచ్చి, ఆ పని భారం అతని మీద ఎలా కూలిందో చూపాడు. దీనికి భిన్నంగా, 1929లో ఫ్రెంచి కవి బ్రెతాన్ తన అధివాస్తవిక ప్రకటనలో, పిస్తోలు పట్టుకొని వీధిలోకి వెళ్ళి గుంపు మీద గుడ్డిగా కాల్చడమే అన్నిటికన్నా సరళమైన అధివాస్తవిక చర్య అని రాశాడు. రాసినవాడు కాల్చలేదు. అది కాఫీ హోటలు బల్ల దగ్గరి తిరుగుబాటు. కాని హేతువు లేని పనిలో ఏదో స్వేచ్ఛ ఉన్నదన్న ఆ భ్రమ ఎంత చౌకబారుదో తెలుసుకోవడానికి, చచ్చినవారి పేర్ల పట్టిక ఒక్కటి చదివితే చాలు.

ఇక అసలు నైతిక ప్రశ్న. అర్థం చేసుకోవడమంటే క్షమించడం కాదా? ఆష్విట్జ్ నుంచి బతికి బయటపడిన ఇటలీ రచయిత ప్రిమో లెవీ, పాఠకులు తనను అడిగిన ప్రశ్నలకు జవాబు చెబుతూ, ఇటువంటి ద్వేషాన్ని అర్థం చేసుకోకూడదేమోననీ, అర్థం చేసుకోవడం సమర్థించడానికి దగ్గరి పని అనీ, కాని తెలుసుకోవడం మాత్రం విధి అనీ అన్నాడు. ఈ తేడాను పట్టుకోవడం మనకు కష్టం కాదు. ‘నన్ను కాస్త అర్థం చేసుకో’ అని ఇంట్లో ఎవరైనా అంటే, నా సంగతి శాస్త్రీయంగా పరిశోధించు అని కాదు గదా. నా పక్షాన నిలబడి చూడు, నన్ను మన్నించు అని. ఆ అర్థంలో హంతకుణ్ణి అర్థం చేసుకోవలసిన బాధ్యత మనకు లేదు. చచ్చినవాళ్ళ తరఫున మన్నించే హక్కు అసలే లేదు. కాని అతను ఆ కిటికీ దగ్గరికి ఏ మెట్లెక్కి వచ్చాడో తెలుసుకోవలసిన బాధ్యత ఉంది. మొదటిది లోపలికి దూరి చూడడం. రెండోది దారిని కొలవడం. లోపల ఏముందో మనకు తెలియకపోయినా దారి తెలుస్తుంది.

దారి నిజంగానే తెలుస్తుంది. 2002లో అమెరికా ప్రభుత్వపు సీక్రెట్ సర్వీసూ విద్యాశాఖా కలిసి, 1974 నుంచి 2000 దాకా బడులలో జరిగిన 37 దాడులను పరిశీలించాయి. దాడి చేసేవాడు ఇలా ఉంటాడని చెప్పదగిన ఒక్క మూస దొరకలేదు. బుద్ధిమంతులున్నారు, అల్లరివాళ్ళున్నారు, స్నేహితులున్నవాళ్ళున్నారు, లేనివాళ్ళున్నారు. కాని ఎక్కువ దాడులలో, కనీసం మరొకరికి ఆ సంగతి ముందే తెలుసు. అనేకమంది అప్పటికే చావు గురించి ఆలోచిస్తున్నవాళ్ళు. 2021లో పీటర్సన్, డెన్స్‌లీ అనే ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన గ్రంథం కూడా ఇంచుమించు ఈ మెట్లనే చూపింది: చిన్ననాటి గాయం, ఇటీవలి సంక్షోభం, పాత హంతకులను గురించిన అధ్యయనం, చేతికందే తుపాకి. ఇందులో మొదటి మూడూ చాలామంది జీవితాలలో ఉండవచ్చు. నాలుగోది చట్టం చేతిలో ఉంది.

‘హేతువు తెలియలేదు గనక ఏం చేయగలం?’ అనేవారికి 1996 జవాబు చెప్పింది. ఆ మార్చి 13న స్కాట్లండులో డన్‌బ్లేన్ బడిలో 16 మంది పసిపిల్లలనూ వారి పంతులమ్మనూ ఒకడు చంపి, తానూ చచ్చాడు. ఏప్రిల్ 28న టాస్మానియాలో పోర్ట్ ఆర్థర్ దగ్గర మరొకడు 35 మందిని చంపాడు. ఆ ఇద్దరి మనసులలో ఏమున్నదో ఇప్పటికీ తెగని చర్చే. కాని బ్రిటన్ 1997లో చేతితుపాకులను నిషేధించింది. ఆస్ట్రేలియా రెండు వారాలు తిరక్కుండానే కొత్త నిబంధనలకు ఒప్పందం కుదుర్చుకొని, సుమారు ఆరున్నర లక్షల తుపాకులను జనం దగ్గర కొని ధ్వంసం చేసింది. న్యూజీలండ్ నెల తిరక్కముందే చట్టం మార్చింది. ఘోరాలు పూర్తిగా ఆగిపోయాయని కాదు, అరుదయ్యాయి. హేతువు తేలే వరకూ ఆ దేశాలు ఆగలేదు. లాస్ వేగాస్ కేసులో తేలని విషయం హేతువు ఒక్కటే. తుపాకిని మర తుపాకిలా పేల్చడానికి తగిలించిన పరికరం ఏదో మొదటి రోజునే తెలుసు. దాన్ని ప్రభుత్వం 2018లో నిషేధించింది. 2024లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. తెలియనిదాని గురించి ఏడేళ్ళు చర్చించి, తెలిసినదాన్ని తిరిగి అంగట్లో పెట్టారు. మనసు లోతులను గురించిన ఆరాటం ఒక్కొక్కప్పుడు చేతిలోని ఆయుధం మీద చూపు పడకుండా అడ్డు తెరగా పనికివస్తుంది.

2023 మే 6న టెక్సాస్‌లో ఆలెన్ అనే ఊరి అంగళ్ళ సముదాయంలో ఒకడు 8 మందిని కాల్చి చంపాడు. వారిలో ఒకరు మన తెలంగాణ నుంచి వెళ్ళి అక్కడ ఇంజనీరుగా పనిచేస్తున్న అమ్మాయి. కొడుకులనూ కూతుళ్ళనూ ఆ దేశానికి పంపిన తెలుగు ఇళ్ళలో ‘ఎందుకు?’ అన్న ప్రశ్న ఆనాడు వార్తగా రాలేదు, భయంగా వచ్చింది. హంతకుని విషయంలో జవాబులన్నీ సిద్ధంగా ఉన్నాయి. 2008లో మానసిక కారణాల మీద సైన్యం అతన్ని పంపేసింది, కాబట్టి ‘పిచ్చి’ అనవచ్చు. లాటినో కుటుంబంలో పుట్టి, ఒంటి మీద నాజీ గుర్తు పొడిపించుకొని, తెల్లజాతి ఆధిక్యాన్ని నెత్తిన పెట్టుకున్నాడు, కాబట్టి ద్వేషం అనవచ్చు. ఎక్కడా ఇమడలేనివాడు, కాబట్టి సమాజం అనవచ్చు. మూడూ కలిపి చెప్పినా కూడా, ఆ అమ్మాయి ఎందుకు చనిపోయిందన్నదానికి జవాబు రాదు. హంతకుని హేతువులో, అది ఎంత స్పష్టమైనదైనా సరే, ఆమెకు చోటు లేదు. ఆమె పేరు అతనికి తెలియదు.

అందుచేత మనం వేసే ప్రశ్నకు చతుర్థీ విభక్తిలో జవాబు వెతకడం మానుకోవాలని నేనంటాను. ఆమె దేని కొరకూ చనిపోలేదు. ఏ సిద్ధాంతం కొరకూ కాదు, ఎవరి పగ కొరకూ కాదు. ఆ చావుకు ఒక ప్రయోజనం ఉన్నట్టు, దాని వెనుక ఒక గంభీరమైన అర్థం దాగి ఉన్నట్టు మనం శోధించడం మొదలుపెడితే, హంతకుడు కోరుకున్నది మనమే అతనికి ఇచ్చినవాళ్ళమవుతాం. ‘వలన’ అనే జవాబు మటుకు ఉంది. చేతికి తుపాకి అందడం వలన, ముందే చూసినవాళ్ళూ విన్నవాళ్ళూ ఊరుకోవడం వలన, ద్వేషాన్ని అచ్చువేసి పంచడం వలన, అటువంటివాణ్ణి వీరుడని పొగిడేవారు ఎక్కడో ఉండడం వలన. ఇవి చాలా మామూలు మాటలు. కూతురు పోయిన తల్లికి ఇవి ఊరట ఇవ్వవు. కాని రేపు మరో తల్లి ఈ ప్రశ్న వేయనవసరం లేకుండా చేయగలిగినవి ఇవే.